పథ్యం కాగితం రెండో వైపు

తెరేసమ్మ హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కి బెజవాడ వచ్చింది పోట్లాడటానికే. గవర్నర్‌పేటలో సాంబశివరావు గారి ప్రెస్సు ఎక్కడుందో ఆమెకి తెలియదు. చేతిలో ఉన్న రెండు కాగితాల అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చయిన అడ్రసుని ఇద్దరు ఆటోవాళ్ళకీ ఒక సోడా కొట్టాయనకీ చూపించి, సందు చివర మెట్లెక్కి, తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"ఈ కాయితాలు కొట్టింది మీరేనా?"

కంప్యూటర్ ముందు కూర్చుని శుభలేఖలో అచ్చుతప్పులు దిద్దుతున్న నసీమా తలెత్తి చూసింది. యాభై ఏళ్ళు దాటిన మనిషి. జాకెట్టు వదులైపోయి రెండు పక్కలా పిన్నీసులు పెట్టి ఉంది. చూపులో మాత్రం బలం తగ్గలేదు.

"మావేనండీ. ఏమైంది?"

"ఏమైందా? దీంట్లో ఇడ్లీ తినమని కొట్టారు. దీంట్లో మినప్పప్పు వద్దని కొట్టారు. మినప్పప్పు లేకుండా ఇడ్లీ ఎట్టా వెయ్యాలో ఒకసారి చూపించు, నేర్చుకుంటా. ఇరవై రెండేళ్ళ బట్టి జంక్షన్‌లో ఇడ్లీ బండి నాది. నాకైతే తెలవదు."

లోపలి గదిలో కాగితం రీములు సర్దుతున్న సాంబశివరావు గారు బయటికొచ్చారు. ఆయన ఆ ప్రెస్సు యజమాని. "చూడండమ్మా, మేం అచ్చేసేవాళ్ళం. రాసేది డాక్టర్లు. వాళ్ళని అడగండి," అన్నారు మర్యాదగానే.

"అడిగానండీ. ఈయన్ని అడిగితే ఆ కాయితం చింపెయ్యమంటాడు. ఆయన్ని అడిగితే ఈ కాయితం చింపెయ్యమంటాడు. ఒకాయన అన్నం మాని గోధుమరొట్టె తినమన్నాడు. ఇంకొకాయన గోధుమ ముట్టకుండా అన్నం తినమన్నాడు. రెండిట్లోనూ కొట్టెయ్యనివి ఏరుకుంటే సగ్గుబియ్యం జావ, బెండకాయ, ఉప్పు మిగిలినాయి. ఎనిమిది నెలల బట్టి అవే తింటన్నా. అడ్రసు చూస్తే రెండిటికీ మీదే ఉంది. ఒక్కచోట కొట్టిన కాయితాలు ఒకదాంతో ఒకటి తగువు పడతంటే మీరన్నా చూసుకోబళ్ళా?"

నసీమా చెయ్యి చాచి కాగితాలు అందుకుంది. ఆ రెండు కాగితాలూ తన బల్ల సొరుగులో కూడా ఉన్నాయి. వాటితో పాటు ఇంకోటి కూడా ఉంది.

పన్నెండేళ్ళుగా ఆ ప్రెస్సులో పనిచేస్తోంది నసీమా. తొంభై ఆరులో సీసపు అక్షరాలు పోయి కంప్యూటర్ వచ్చినప్పుడు, తెలుగు టైపింగ్ వచ్చిన మనిషి కావాలంటే, ఇంటరు చదివిన ఆమె వచ్చి కూర్చుంది. డాక్టర్ల రాత చదవడంలో మందుల షాపువాళ్ళని మించిపోయింది. ఊళ్ళో సగం మంది కడుపు డాక్టర్లు రోగులకిచ్చే పథ్యం కాగితాలు ఆమె వేళ్ళ మీదుగా వెళ్ళినవే.

నాలుగేళ్ళ నుంచి ఆమెకీ అదే జబ్బు. తిన్న గంటకల్లా పొట్ట డోలులా బిగిసిపోయేది. ఒకరోజు నాలుగుసార్లు పరుగెత్తాలి, తర్వాత మూడు రోజులు అసలేమీ ఉండదు. స్కానింగ్ తీశారు, గొట్టం వేసి చూశారు, రక్తం పరీక్షించారు. చివరికి "ఏమీ లేదమ్మా, ఐబీఎస్ అంతే" అన్నారు. ఏమీ లేనిదానికి మూడక్షరాల పేరెందుకో ఆమెకి అర్థం కాలేదు. భవానీపురం నుంచి ప్రెస్సుకి సిటీ బస్సులో వచ్చే దారిలో ఏ హోటల్లో బాత్రూము ఉందో, ఎవరు అడగకుండానే వెళ్ళనిస్తారో మాత్రం కంఠస్థం అయిపోయింది.

ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్ళింది. మూడు కాగితాలు తెచ్చుకుంది. ఒక్కోటి ఒక్కో ఏడాది శ్రద్ధగా పాటించింది. మూడూ తను టైపు చేసినవే. అయినా డాక్టరు చేతిలోంచి తిరిగొచ్చేసరికి అవేవో వేదవాక్కుల్లా కనిపించేవి. మూడింటినీ ఒకేసారి పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ఏ రోజూ రాలేదు. ఇడ్లీ బండి నడుపుకునే మనిషి ఎనభై నిమిషాలు బస్సులో నిలబడి వచ్చి ఆ పని చేసి చూపించింది.

తెరేసమ్మని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆమె ఫోను నంబరు రాసుకుంది.

"వారం రోజులు టైమివ్వండి. నేను కనుక్కుని చెప్తాను."

తెరేసమ్మ వెళ్ళాక సాంబశివరావు గారు అడిగారు. "ఏం కనుక్కుంటావు నసీమా? నువ్వేమన్నా డాక్టరువా?"

"పేషెంటునండీ," అంది ఆమె. పన్నెండేళ్ళలో ఆ మాట ఆయన దగ్గర అనడం అదే మొదలు.

ఆ వారమంతా భోజనాల వేళ ఆమె ఒక పని పెట్టుకుంది. కంప్యూటర్లో పాత ఫైళ్ళన్నీ వెతికింది. తొంభై ఎనిమిది నుంచి ఆ ఏడాది, అంటే రెండువేల ఎనిమిది జూన్ దాకా, కడుపు జబ్బులకి అచ్చేసిన పథ్యం కాగితాలు తొమ్మిది దొరికాయి. పెద్ద కాగితం మీద గళ్ళు గీసింది. నిలువుగా డాక్టర్ల కాగితాలు, అడ్డంగా తిండి వస్తువులు. తినమన్నచోట ఆకుపచ్చ, వద్దన్నచోట ఎరుపు, ఆ ఊసే లేనిచోట తెలుపు.

పూర్తయ్యాక చూస్తే అది నేత గళ్ళ లుంగీలా ఉంది. ఉల్లిపాయ ఎదురుగా నాలుగు ఎరుపులు, రెండు ఆకుపచ్చలు, మూడు తెలుపులు. పాలూ పెరుగూ ఒకటే అన్నవాళ్ళున్నారు, వేరన్నవాళ్ళున్నారు. పెసరపప్పు మంచిదన్న కాగితంలోనే నాలుగు లైన్ల కింద "పప్పుదినుసులన్నీ మానవలెను" అని ఉంది. అన్నిటికంటే ఆమెని ఆపేసింది యాపిల్ వరస. తొంభై తొమ్మిదిలో "రోజుకొక యాపిల్ తప్పనిసరి" అని రాసినాయనే రెండువేల ఏడులో "యాపిల్ పూర్తిగా నిషేధం" అని రాశారు. ఆయన పేరు డాక్టర్ రామకోటేశ్వరరావు. ఆమె చివరిగా చూపించుకున్నది ఆయనకే.

ఆయన కాగితం మళ్ళీ అచ్చుకొచ్చింది. సరిచూపించుకోవడానికి ప్రూఫు తీసుకెళ్ళే పని మామూలుగా వేరేవాళ్ళది. ఆ రోజు నసీమా తనే బయల్దేరింది.

మధ్యాహ్నం పేషెంట్లు పలచబడ్డాక ఆయన లోపలికి పిలిచారు. ప్రూఫు చూసి సంతకం పెట్టబోతుంటే, ఆమె గళ్ళ కాగితం విప్పి బల్ల మీద పరిచింది.

"సార్, ఇది కూడా ఒకసారి చూడండి."

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు. వరసలు ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చారు. వేలు మెల్లగా యాపిల్ వరస దగ్గరికి వచ్చి ఆగింది.

"ఎవరు చేశారమ్మా ఇది?"

"నేనేనండీ. తొమ్మిదీ టైపు చేసింది నేను. అందులో మూడు పాటించిందీ నేనే. మీ మొదటి కాగితం ప్రకారం ఏడాది పాటు రోజుకో యాపిల్ తిన్నాను."

తప్పు పడుతున్న గొంతు కాదది. లెక్క అడుగుతున్న గొంతు. ఆయనకది తెలిసింది. కోప్పడబోయి మానుకున్నారు.

"చూడమ్మా, తొంభైల్లో మాకు చెప్పింది పీచు. పీచు పెంచితే పేగు సర్దుకుంటుందని. గోధుమ, యాపిల్, పప్పులు తినమన్నాం. కొంతమందికి బాగైంది కూడా. ఈ మూడు నాలుగేళ్ళలో కొత్త మాట వచ్చింది. కొన్ని రకాల చక్కెరలూ పిండిపదార్థాలూ సరిగ్గా అరక్క పెద్దపేగులో పులుస్తాయి, వాటిని తగ్గించమని. యాపిల్, గోధుమ, పప్పులు ఆ జాబితాలోకి వచ్చాయి. నేను కాగితం మార్చాను. పాత కాగితం ఉన్నవాళ్ళని పిలిచి చెప్పలేదు. అది నా పొరపాటే."

"మరి ఇప్పుడిది కరెక్టేనాండీ?"

ఆయన నవ్వారు. "అది అడగాల్సిన మనిషి వెనక గదిలో ఉంది. రెండు నెలలైంది చేరి. పద."

వెనక గదిలో డైటీషియన్ అనఘ కొలత గిన్నెలు కడిగి తుడుచుకుంటోంది. ముప్పై లోపు పిల్ల. గళ్ళ కాగితం చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది. తన సంచీలోంచి రెండు ఇంగ్లీషు జాబితాలు తీసి దాని పక్కన పెట్టింది.

"ఇవి రెండూ రెండు దేశాల ఆసుపత్రులవి. ఇవి కూడా కలవవు, చూడండి. దీంట్లో వద్దన్న పండు దాంట్లో తినొచ్చు. ఎందుకో రెండు రోజులు కూర్చుని చూశాను. ఒకరు ముక్క లెక్క వేశారు, ఒకరు కాయ లెక్క వేశారు. ఎంత తింటే ఎక్కువ అన్నది ఎవరి గీత వాళ్ళది. ఇంకో సంగతి. ఈ రెండిట్లోనూ మన గోంగూర లేదు, తోటకూర లేదు, ములక్కాడ లేదు. ఎవరూ పరీక్షించలేదు. అవి పడతాయో లేదో నాక్కూడా తెలీదు."

ఆసుపత్రిలో ఒకరి నోట తెలీదు అన్న మాట వినడం నసీమాకి అదే మొదటిసారి. దానికి భయం వేయాలి. భయానికి బదులు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అయితే ఇన్నాళ్ళూ పాటించడంలో తన లోపం ఏమీ లేదన్నమాట.

"పులవడం అంటే ఏంటి మేడం?"

"ఇడ్లీ పిండి రుబ్బి మూతపెడితే తెల్లారేసరికి పొంగుతుంది కదా, అదే. సన్నపేగులో అరగకుండా మిగిలిపోయిన చక్కెరల్ని పెద్దపేగులో సూక్ష్మజీవులు పులియబెడతాయి. గ్యాస్ పుడుతుంది, నీరు చేరుతుంది. అందరికీ జరిగేదే. మీ పేగు సున్నితం కాబట్టి మీకు నొప్పి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ ఒక గుంపు. పాలు ఒక గుంపు. శనగలు, రాజ్మా ఇంకో గుంపు. యాపిల్, తేనె వేరే గుంపు. ఒక్కొక్కరికి ఒక్కో గుంపు పడదు. అన్నీ పడనివాళ్ళు తక్కువ."

"నా గుంపేదో ఎట్లా తెలుస్తుంది?"

"మూడు వారాలు అన్నీ తగ్గించాలి. నెమ్మదించాక ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకోవాలి. ఒకరోజు కొంచెం, రెండో రోజు ఇంకొంచెం, మూడో రోజు మామూలుగా తినేంత. మూడు రోజులు ఆగి మరోటి. పడినవన్నీ మళ్ళీ తినెయ్యడమే. జీవితాంతం మానడానికి కాదిది."

నసీమా తన గళ్ళ కాగితం వైపు చూసింది. "ఈ రెండో సగం తొమ్మిదిట్లో ఒక్కదాంట్లో కూడా లేదండీ. అన్నీ మానెయ్యమనడంతో ఆగిపోయాయి."

గుమ్మంలో నిలబడి వింటున్న రామకోటేశ్వరరావు గారు సంతకం పెట్టని ప్రూఫుని మడిచి జేబులో పెట్టుకున్నారు.

మర్నాడే నసీమా హనుమాన్ జంక్షన్‌కి ఫోను చేసింది. తెరేసమ్మని వెంటబెట్టుకుని రామకోటేశ్వరరావు గారి దగ్గరికి తీసుకెళ్ళింది. అంత బరువు తగ్గిన మనిషికి ముందు పరీక్షలన్నీ మళ్ళీ చేయాలని ఆయన పట్టుబట్టారు. వారం తర్వాత ఫలితాలొచ్చాయి. వేరే జబ్బేమీ లేదు, ఉన్నదల్లా తిండి లేకపోవడమే. అప్పుడు అనఘ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మూడు వారాల తిండి రాసిచ్చింది. అన్నం, పల్చటి పెసరకట్టు, సొరకాయ, బీరకాయ, వంకాయ, గుడ్డు, చేప, కోడి.

"చేప తినొచ్చా?" అంది తెరేసమ్మ నమ్మలేనట్టు. "చేప దేంట్లోనూ వద్దని లేదు కదమ్మా. మసాలా వద్దన్నారని నేనే మానేశా."

అసలు చిక్కు నసీమాకి ఇంట్లో వచ్చింది. వాళ్ళింట్లో వంట అత్తగారు జరీనాది. ఏ గిన్నె పొయ్యెక్కినా ముందు ఉల్లిపాయలు ఎర్రగా వేగాలి, తర్వాత అల్లం వెల్లుల్లి పడాలి. ఆ తర్వాతే కూర ఏమిటన్న ఆలోచన.

"ఉల్లి లేకుండా కుర్మానా?" జరీనా గరిటె పక్కన పెట్టేసింది. "అంటే నాలుగేళ్ళ బట్టి నా వంటే నిన్ను జబ్బుపడేసిందనా నీ మాట?"

"మీ చెయ్యి కాదమ్మీ. ఉల్లిపాయో వెల్లుల్లో ఇంకోటో. ఏదో తేలేదాకా మూడు వారాలు."

భర్త రఫీ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులో పనిచేస్తాడు. తగువులో తల దూర్చే మనిషి కాదు. "నీకు వేరేగా వండుకో, సరిపోద్ది," అన్నాడు అన్నం కలుపుకుంటూ.

ఆ మాట జరీనాకి తగిలింది. తన పొయ్యి మీద కోడలు వేరే గిన్నె పెట్టడమా! ఆ సాయంత్రం గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ తోమింది. పొద్దున లేచి నసీమాని వంటింట్లోకి పిలిచింది.

"మీ డాక్టరమ్మ ఇంకా ఏం చెప్పింది? పూర్తిగా చెప్పు."

"వెల్లుల్లిలో పడనిది నూనెలోకి దిగదంట అమ్మీ. నీళ్ళలోకైతే దిగుతుందంట. నూనెలో వేయించి రేకలు పూర్తిగా తీసేస్తే ఆ నూనె వాడుకోవచ్చంది. ఉల్లికాడల్లో పచ్చటి భాగం కూడా ఫరవాలేదంది."

జరీనా ఆలోచించింది. బాణలిలో నూనె కాచి, ఒలిచిన వెల్లుల్లి రేకలు వేసి, బంగారు రంగు రాగానే చిల్లుల గరిటెతో ఒక్కటి మిగలకుండా ఏరేసింది. ఆ నూనెలో లవంగం, దాల్చినచెక్క, అల్లం ముక్క వేసి, కోడి ముక్కలు వేసింది. దించేముందు ఉల్లికాడల ఆకు సన్నగా తరిగి చల్లింది. వాసన సందు చివరిదాకా వెళ్ళింది. రఫీ రెండోసారి వడ్డించమన్నాడు. ఏదో తక్కువైందని అతనికి తట్టనే లేదు. జరీనా గిన్నె అడుగు గీకుతూ, "ఇంత మాత్రం దానికి నాలుగేళ్ళు పట్టిందా మీ డాక్టర్లకి?" అంది గర్వంగా.

పన్నెండో రోజున నసీమా బస్సు దిగి ప్రెస్సు మెట్లెక్కి కుర్చీలో కూర్చున్నాక గుర్తొచ్చింది, దారిలో ఒక్క హోటలు బోర్డు వైపూ చూడలేదని.

జూలై నడిమికి మూడు వారాలూ గడిచాయి. మొదట పాలు. నాలుగేళ్ళుగా నల్లటి టీ తాగుతోంది. చిన్న గ్లాసులో పాల టీ పోసుకుని, ఊదుకుంటూ, సగం భయంతో తాగింది. ఏమీ కాలేదు. రెండో రోజు పెద్ద గ్లాసు, మూడో రోజు గ్లాసుడు వట్టి పాలు కాచుకుని. ఏమీ కాలేదు! సంతోషం కంటే ముందు ఆమెకి కోపం వచ్చింది. ఏటా రంజాన్‌ పండగనాడు ఇంటిల్లిపాదీ పాలతో కాచిన షీర్‌ఖుర్మా తాగుతుంటే వంటింట్లో నిలబడి చూసిన రోజులు ఎవరు తిరిగిస్తారు?

గోధుమ ఒక చపాతీ వరకు ఒప్పుకుంది, మూడో రోజు మూడు తింటే పొట్ట బిగిసింది. తర్వాత ఉల్లి వంతు. రెండో రోజు పరీక్ష మధ్యలో ఉండగా చల్లపల్లిలో రఫీ పినతండ్రి కూతురి నిశ్చితార్థం వచ్చిపడింది. బగారా అన్నం, దాల్చా. అందరూ కూర్చుని బలవంతం చేస్తే వద్దనలేకపోయింది. దాల్చాలో శనగపప్పూ ఉల్లీ రెండూ ఉన్నాయి. తిరుగు బస్సులో ఉయ్యూరు దాకా కళ్ళు మూసుకుని పళ్ళు బిగబట్టింది. అంతకంటే బాధేమిటంటే, దెబ్బ ఏది కొట్టిందో తెలియకుండా పోయింది.

"మొదటి నుంచి," అంది అనఘ ఫోనులో, కొంచెం కూడా విసుక్కోకుండా.

మొదటి నుంచే చేసింది. ఈసారి తేటగా తేలింది. సగం ఉల్లిపాయకే గంటలోపు పొట్ట బిగిసింది. వెల్లుల్లి కూడా అంతే. యాపిల్ పడలేదు. శనగలు పడలేదు. కందిపప్పు ఒక గరిటె దాకా పడింది. గోంగూర, ఏ దేశంలోనూ ఎవరూ పరీక్షించని గోంగూర, భేషుగ్గా పడింది. అనఘ దాన్ని తన నోట్‌బుక్కులో మొట్టమొదటి వరసలో రాసుకుంది. "ఒక్కరి మాట మీద అందరికీ చెప్పలేం. కానీ మొదలైంది," అంది.

తెరేసమ్మకి ఇడ్లీ పరీక్ష వచ్చిన ఆదివారం పొద్దున్నే నసీమా హనుమాన్ జంక్షన్ వెళ్ళింది. తెరేసమ్మ రావద్దన్నా ఆమె వినేది కాదు. హైవే పక్కన లారీలు వరసగా ఆగి ఉన్నాయి. డ్రైవర్లు బండి చుట్టూ నిలబడి ఆకుల్లో తింటున్నారు. తెరేసమ్మ రేకు మూత తీసి ఆవిరిలోంచి ఒక ఇడ్లీ తీసి, ప్లేటులో పెట్టుకుని, స్టూలు మీద కూర్చుంది. పది నెలలుగా వేలమందికి వడ్డించి తను ఒక్క తునక నోట్లో వేసుకోని మనిషి.

"చట్నీ?" అంది నసీమా.

"ఇయ్యాల ఇడ్లీ ఒక్కటే. డాక్టరమ్మ చెప్పింది మర్చిపోయావా?"

మెల్లగా నమిలింది. ఒక డ్రైవరు చట్నీ అడిగితే నసీమాయే లేచి వడ్డించింది. గంట గడిచింది. రెండు గంటలు. తెరేసమ్మ పొట్ట మీద చెయ్యి వేసుకుని, లోపల ఎవరైనా పిలుస్తారేమో అని వింటున్నట్టు కూర్చుంది. మూడో రోజు మూడు ఇడ్లీలు తిని ఫోను చేసింది.

"ఏం కాలా నసీమమ్మా! ఏమీ కాలా! పోయిన వారాల్లో పాలు పడలా, యాపిల్ పడలా. ఉల్లి వంతప్పుడు ఉల్లిచట్నీ తిన్నా, రాయిలాగా ఉన్నా. నా పిండిని అనవసరంగా అనుమానించా."

ఆగస్టు ఆఖరున నసీమా ఒక కొత్త పథ్యం కాగితం నమూనా తయారుచేసుకుని రామకోటేశ్వరరావు గారి ముందు పెట్టింది. రాసింది అనఘ, తెలుగు సరిచేసింది నసీమా. ముందు వైపు తగ్గించవలసిన గుంపులు, ఎంతకి తగ్గించాలో గిన్నెల లెక్కలో. ఇన్నేళ్ళూ ఖాళీగా వదిలేసిన రెండో వైపు ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చుకునే పద్ధతి, రాసుకోవడానికి గళ్ళు.

ఆయన తిప్పి తిప్పి చూశారు. "బావుంది. కానీ నడవదమ్మా. పేషెంటు వచ్చి తినొచ్చా వద్దా అనడుగుతాడు. తిని చూడు అంటే నన్ను డాక్టరు కింద లెక్కెయ్యడు. మూడు నిమిషాల్లో ఇదంతా నేనెట్లా చెప్పను?"

"మీరు చెప్పక్కర్లేదండీ, కాగితం చెప్తుంది. ఇది చూడండి." నసీమా ఇద్దరి ఫలితాలూ రాసిన పేజీ తీసింది. ఉల్లి ఆమెకి పడదు, తెరేసమ్మకి పడుతుంది. పాలు తెరేసమ్మకి పడవు, ఆమెకి పడతాయి. "ఒకటే జబ్బు, ఒకటే డాక్టరు. పాత కాగితం అయితే ఇద్దరం రెండూ మానేసేవాళ్ళం. తెరేసమ్మ గారు నాలుగు కిలోలు పెరిగారు. ఆమె ఏడో తరగతి చదివారు. ఆమె చేయగలిగితే ఎవరైనా చేస్తారు."

ఆయన కలం తీశారు. పైన ఒక వాక్యం తన చేత్తో చేర్చారు. రక్తం పడినా, జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గినా ఈ కాగితం పక్కనపెట్టి ముందు డాక్టరుని కలవాలని. తర్వాత సంతకం చేశారు.

ప్రెస్సులో సాంబశివరావు గారు అచ్చు ప్లేటు మిషను మీదికి ఎక్కించేముందు ప్రూఫు చదివారు. అది ఆయన అలవాటు కాదు. "దీనికి తేదీ వెయ్యి నసీమా. పంచాంగానికి వేస్తాం, పాఠ్యపుస్తకానికి వేస్తాం, ఇది మాత్రం ఎప్పటిదో ఎవరికీ తెలియట్లా," అన్నారు. ఆమె అడుగున "సెప్టెంబరు 2008 నాటిది. కొత్త విషయాలు తెలిస్తే మారుతుంది" అని టైపు చేసింది.

తక్కిన డాక్టర్లకి సాంబశివరావు గారే స్వయంగా ఫోన్లు చేసి గళ్ళ కాగితం సంగతి చెప్పారు. ఇద్దరు వచ్చి చూసి తమ కాగితాలు మార్చుకున్నారు. ఒకాయన మండిపడి, టైపు చేసేవాళ్ళతో వైద్యం నేర్చుకోవాల్సిన ఖర్మ పట్టలేదని, తన పని వేరే ప్రెస్సుకి ఇచ్చేశారు. సాంబశివరావు గారు లెక్కచెయ్యలేదు. "పోనీలే, ఆయన రాత చదవలేక నీ కళ్ళు పోతున్నాయి," అన్నారు.

ఆ ఏడాది రంజాన్ పండగనాడు జరీనా షీర్‌ఖుర్మా మొదటి గిన్నె కోడలికే ఇచ్చింది. అందులో ఖర్జూరం ఎన్ని ముక్కలు వేసుకోవాలో నసీమా చూసుకుని వేసుకుంది. నిలబడి కాదు, అందరి మధ్యా చాప మీద కూర్చుని తాగింది.

మరుసటి వేసవిలో అనఘ కాగితం మళ్ళీ అచ్చుకి పంపింది. ఎర్ర సిరాతో రెండు మార్పులు. చిలగడదుంప "వద్దు"లోంచి "కొద్దిగా"లోకి వచ్చింది. జీడిపప్పు "కొద్దిగా"లోంచి "వద్దు"లోకి వెళ్ళింది. ఒకప్పుడైతే ఎవరి మాట నమ్మాలో తెలియక నసీమా రెండూ మానేసేది. ఇప్పుడు తేదీ మార్చి, రెండు పదాలూ వాటి చోట్లకి జరిపి, జంక్షన్‌కి ఫోను కలిపింది.

"తెరేసమ్మ గారూ, చిలగడదుంప కొంచెం తినొచ్చంటున్నారు."

అవతల లారీ హారన్ల మధ్యన తెరేసమ్మ గొంతు ఖంగుమని వినిపించింది. "అట్టాగా? ఈ బుధవారం సంతలో కొంటా. మూడు రోజులు చూసి చెప్తానని డాక్టరమ్మకి చెప్పు, రాసుకోమను."